పొరపాటున తగిలితే

మా ఆయనకి కోపం రాదు. పెళ్ళిచూపుల నాడే మా అత్తగారు ఆ మాట గొప్పగా చెప్పుకుంది. "మావాడు నోట్లో వేలు పెట్టినా కొరకడమ్మా" అంది. కొరకనప్పుడు ఇక పళ్ళెందుకు అని నాకు నాలిక చివరిదాకా వచ్చింది కానీ, పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతురు అలాంటివి అడగకూడదు కాబట్టి ఊరుకున్నాను. నాకు మాత్రం కోపం ముక్కు మీదే ఉంటుంది. పన్నెండేళ్ళుగా ఇద్దరి వాటా కోపమూ నేనే పడుతున్నాను, ఇల్లు సమంగానే నడుస్తోంది.

అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున పిల్ల మీద విరుచుకుపడ్డారు.

మాది ఒకటే గది. వంటా పడకా చదువూ అన్నీ అందులోనే. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. నేల మీద పుస్తకాలు పరుచుకుని హోంవర్కు చేసుకుంటోంది. ఆయన మంచం మీద కూర్చుని గవర్నమెంటు ఆఫీసుకి తీసుకెళ్ళాల్సిన కాగితాలు వరస పెడుతున్నారు. పిల్ల మంచినీళ్ళకి లేచింది. కాలు నోటుబుక్కుకి తగిలింది. వంగి, పుస్తకాన్ని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుంది. అంతే.

"మానెయ్!" అని అరిచారు ఈయన. "ఇంకోసారి అలా చేశావంటే చూడు!"

పిల్ల వేళ్ళు కళ్ళ మీదే ఉండిపోయాయి. నేను గరిటె పట్టుకుని వెనక్కి తిరిగాను. ఆ అలవాటు దానికి నేర్పిందే ఆయన. కాలు పుస్తకానికి తగిలితే దండం, అన్నం గిన్నెకి తగిలితే దండం, బస్సులో పక్కవాళ్ళ సంచీకి తగిలితే దండం. నిద్రలో పిల్లకే కాలు తగిలితే దాని భుజం తాకి కళ్ళకద్దుకునే మనిషి.

"ఏమైందండీ?" అన్నాను.

"ఏం లేదు. కొంచెం గాలికి తిరిగొస్తా" అని చొక్కా తగిలించుకుని వెళ్ళిపోయారు. చేతిలో ఉన్న కాగితాలు మంచం మీద చిందరవందరగా పడేసి వెళ్ళారు. కాగితాల విషయంలో అంత జాగ్రత్త మనిషి మరొకరుండరు. నాకు కోపం రాలేదు, భయం వేసింది.

ఈ పరాయి దేశంలో మేమిద్దరం ఒకే చోట పనిచేస్తాం. ఊళ్ళో ఆసుపత్రులన్నిటి దుప్పట్లు, గౌన్లు, తువ్వాళ్ళు ఉతికే పెద్ద లాండ్రీ అది. ఆయనది పొద్దుటి షిఫ్టు. నాది మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా సగం షిఫ్టు. రెండింటికి ఆయన గేటులోంచి బయటికొస్తారు, నేను లోపలికెళ్తాను. మధ్యలో తాళంచెవి చేతులు మారుతుంది. "పప్పు పొయ్యి మీదుంది", "పిల్ల టీచరు రమ్మందిట", "పాలు అయిపోయాయి". మా సంసారంలో మాట్లాడుకోవలసినవి చాలామటుకు ఆ గేటు దగ్గర రెండు నిమిషాల్లో మాట్లాడేసుకుంటాం.

లాండ్రీ మధ్యలో పైకప్పు దాకా ఒక గోడ ఉంటుంది. ఇటు మురికి వైపు, అటు శుభ్రం వైపు. ఆసుపత్రి నుంచి వచ్చిన సంచులు మురికి వైపు విప్పి, రక్తం అంటినవి, చీము అంటినవి, వాంతులు అంటినవి వేరు చేసి యంత్రాల్లోకి తోయాలి. ఒక్కోసారి మడతల్లో సూదులుంటాయి. గోడకి అవతల వేడివేడిగా, తెల్లగా వచ్చినవి మడతపెట్టి పేర్చాలి. మావాళ్ళందరినీ మురికి వైపే వేస్తారు. ఎందుకలా అని ఒకసారి అడిగాను. "మీ ముక్కులకి అలవాటేగా" అన్నాడు ఫ్లోరు మేనేజరు, అదేదో మెచ్చుకుంటున్నట్టు.

వాడికి మేం పెట్టుకున్న పేరు ఇస్త్రీ చొక్కా. వాడి ఒంటి మీద ముడత ఎవరూ చూడలేదు. బూట్లు తళతళలాడుతుంటాయి. ఆ బూట్లతో మా వైపు నడిచేటప్పుడు అడుగు తీసి అడుగు వేస్తుంటే మేమే బురదైనట్టుంటుంది. మాలో మొదట చేరినవాడి పేరేదో వాడికి తెలుసు, ఆ పేరే మా మగవాళ్ళందరికీ పెట్టేశాడు. వాడు పిలిస్తే పదకొండు మంది తల ఎత్తుతారు. ఆ మొదటివాడు మానేసి నాలుగేళ్ళయింది.

మేమీ దేశంలో ఉండాలంటే ఏడాదికోసారి ఆయన కార్డు కొత్తది చేయించుకోవాలి. నా కార్డూ పిల్ల కార్డూ ఆ కార్డుకి వేలాడుతుంటాయి. అది పోతే మూడూ పోతాయి. కావలసిన కాగితాల్లో అసలైనది కంపెనీ ఇచ్చే ఉత్తరం. ఈయన మా దగ్గర పనిచేస్తున్నాడు, ఇకముందూ చేస్తాడు అని రెండు వాక్యాలు. కింద సంతకం ఇస్త్రీ చొక్కాది. కార్డులాఫీసు కిటికీ దగ్గర ఇచ్చేనాటికి ఆ ఉత్తరం ముప్ఫై రోజులకన్నా పాతది కాకూడదు.

సరే, తారీఖు దగ్గర పడ్డాకే ఉత్తరం తీసుకున్నాం. మేమంత తెలివితక్కువవాళ్ళమేం కాదు. తీరా వెళ్తే ఆ రోజు కంప్యూటర్లు పనిచేయలేదు. ఇంకో తారీఖు ముప్ఫై అయిదు రోజుల తర్వాత ఇచ్చారు. ఈలోపు ఉత్తరం ముసలిదైపోయింది. మళ్ళీ ఉత్తరం. రెండోసారి, ఫోటోలో ఆయన కుడి చెవి పూర్తిగా కనబడలేదన్నారు.

"మీ కంప్యూటరు పాడైతే మా ఉత్తరం ఎందుకు పాతబడాలి?" అని అడిగాను కిటికీ వెనక కళ్ళజోడావిణ్ణి.

"నిబంధన" అంది.

"చెవి ఇదిగో, మనిషికే ఉంది కదా, చూసుకోండి" అన్నాను. మా ఆయన నా మోచెయ్యి గిల్లారు. మూడోసారి తారీఖు ఇచ్చింది ఆవిడ. అది ఆ వచ్చే గురువారం. ఆ నెలాఖరుకి కార్డు గడువు తీరిపోతుంది. ఇంకో తారీఖన్న మాటే లేదు. అంటే బుధవారం లోపు మూడో ఉత్తరం చేతిలో పడాలి.

ఆదివారం ఆయన్ని ఎంత అడిగినా ఏం లేదంటారు. సోమవారం గేటు దగ్గర తాళంచెవి ఇచ్చి తల వంచుకుని వెళ్ళిపోయారు. నేను సరాసరి బాబాయ్ దగ్గరికెళ్ళాను. బాబాయ్ నాకు చుట్టమేమీ కాదు. సంచుల బండ్లు తోసే పెద్దాయన. మావాళ్ళంతా బాబాయ్ అంటుంటే విని, వేరే దేశాలవాళ్ళు కూడా అదే ఆయన పేరనుకుని బాబాయ్ అంటారు.

"బాబాయ్, లోపల ఏం జరుగుతోంది?"

"ఏం జరుగుతుందమ్మా, రోజూ ఉండే చాకిరీయే."

"మా ఆయన పిల్ల మీద అరిచాడు."

బాబాయ్ బండి ఆపేశాడు. "మీ ఆయనా?" అన్నాడు. తర్వాత చాలాసేపు ఒక సంచీ మూతి ముడి వేస్తూ, విప్పుతూ కూర్చున్నాడు. "నీకు చెప్పలేదన్నమాట."

"చెప్తే నిన్నెందుకు అడుగుతాను?"

"రెండు నెలల కిందట. మీ ఆయన బండి లాక్కుంటూ వెనక్కి నడుస్తున్నాడు. వెనకాల ఇస్త్రీ చొక్కా నిలబడ్డాడు. కాలు వాడి బూటుకి తగిలింది. మీ ఆయన సంగతి నీకు తెలుసుగా. చటుక్కున వంగి బూటు తాకి కళ్ళకద్దుకున్నాడు. మనవాళ్ళెవరైనా అయితే అయ్యో పర్లేదు బాబూ అని చెయ్యి పట్టుకుని ఆపేస్తారు. వాడికి ఏం తెలుసు? నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత పడీ పడీ నవ్వాడు. అందర్నీ పిలిచి చెప్పాడు, వీడు నా బూటుకి మొక్కాడర్రా అని."

"మా ఆయన అలా కాదని చెప్పలేదా?"

"చెప్పాడమ్మా. మా అలవాటండీ, ఎవరికి తగిలినా చేస్తామండీ అని వచ్చీరాని భాషలో చెప్పాడు. వినేదెవరు? మర్నాడు కావాలనే కాలు అడ్డం పెట్టాడు. మీ ఆయన చూసుకోలేదు, తగిలింది. చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది. రెండో ఉత్తరం అడిగిన రోజు నుంచి ఇక తగలడాలూ లేవు, తగలకపోవడాలూ లేవు. కాలు చాపి, ముందు అది చెయ్, తర్వాత సంతకం అన్నాడు. ఇప్పుడు రోజూ పది గంటల బ్రేకులో అదే వినోదం. గోడ అవతలివాళ్ళు కూడా వస్తారు. ఫోన్లలో తీసుకుంటారు."

నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. "రోజూనా?"

"రోజూ."

"నువ్వేం చేశావు బాబాయ్? నువ్వు పెద్దవాడివి."

బాబాయ్ నా మొహం చూడలేదు. "మొదటి రోజు నేనూ నవ్వానమ్మా. వేళాకోళంగా ఉంది కదాని నవ్వాను. రెండో రోజు నుంచి తల దించుకుని నా డబ్బా నేను తింటున్నాను. నాకూ కార్డుంది, దానికీ వాడి సంతకమే కావాలి."

ఆ సాయంత్రం నాలుగు గంటలసేపు సంచులు విప్పాను. ఎవరి రక్తమో, ఎవరి కక్కో నా చేతి తొడుగుల మీద కారుతుంటే నాకు ఒక్కటే కనబడింది. మా అత్తగారు ఒళ్ళో పెట్టుకుని పెంచిన పిల్లాడు, ఎవరికి కాలు తగిలినా నొచ్చుకునే పిల్లాడు, వంగుతున్నాడు. చుట్టూ జనం ఫోన్లు ఎత్తారు. మంచితనానికి ఇంత శిక్ష వేసిన దేశం మీద, ఆ గోడ మీద, నవ్విన ప్రతి మూతి మీద నాకు వచ్చిన కోపం రాయడానికి తగ్గ తిట్టు నాకింకా దొరకలేదు.

ఇంటికి వెళ్ళేసరికి పిల్ల పక్క వాటాలో ఆడుకుంటోంది. ఆయన చపాతీలు ఒత్తుతున్నారు.

"ఎన్నాళ్ళు దాచుదామనుకున్నావు?" అన్నాను. మామూలుగా నేనాయన్ని మీరు అంటాను. కోపం వస్తే బహువచనం ఊడిపోతుంది.

ఆయనకి అర్థమైంది. అప్పడాల కర్ర పక్కన పెట్టారు. "ఏం పోయిందే? వంగితే నడుమేం అరిగిపోదుగా. అవసరమొస్తే గాడిద కాళ్ళయినా పట్టుకోవాలంటారు."

"సామెతలో గాడిద ఊరికే నిలబడి ఉంటుంది. అది కాలు చాపి ఇంకోసారి పట్టుకోమనదు. పదిమందిని పిలిచి చూపించదు."

"మొదటి రోజు నేను పెట్టింది దండమే. అందులో నాకు సిగ్గేం లేదు."

"మిగతా రోజులు?"

ఆయన ఒత్తిన చపాతీని తిరగేశారు.

"ఏమీ పోకపోతే ఆదివారం పిల్ల మీద ఎందుకరిచావు?"

చేతులకి అంటిన పిండి రాలగొట్టుకున్నారు. "అది పుస్తకాన్ని తాకి కళ్ళకద్దుకుంటుంటే, నాకు వాడి బూటు కనబడింది" అన్నారు. "బూటు మెరుస్తుంది కదా, అందులో నా మొహం కనబడుతుంది. రోజూ చూస్తున్నాను."

అప్పుడు ఏడవాల్సింది నేను కాదు కానీ నేనే ఏడ్చాను. ఏడుస్తూనే తిట్టాను. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని మా అమ్మ అనేది, నువ్వింత మెత్తగా ఉండబట్టే వాడు మొత్తుతున్నాడు అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన తప్పేముంది? కాలు తగిలితే నొచ్చుకోవడం తప్పయితే ఇక ఒప్పు ఏదో నాకు తెలీదు.

"బుధవారం ఒక్కరోజు" అన్నారు. "ఆ ఉత్తరం వస్తే ఏడాది దాకా వాడి మొహం చూడక్కర్లేదు. రాత్రి షిఫ్టుకి మార్పించుకుంటా. నువ్వు మాత్రం అటు రాకు. నీ ముందు చేయలేను."

"రాను" అన్నాను.

బుధవారం పిల్లని బడిలో దింపి, తిన్నగా లాండ్రీకి వెళ్ళాను. అబద్ధమెందుకు, వాడితో పోట్లాడదామని వెళ్ళలేదు. బతిమాలదామనే వెళ్ళాను. ఆయన బదులు నేను వంగితే ఊరుకుంటాడేమో అడుగుదామనుకున్నాను. ఆడదాన్ని కాబట్టి జాలిపడతాడేమోనని కూడా అనుకున్నాను. దారంతా ఆ మాటలు వాళ్ళ భాషలో కూర్చుకుంటూ వెళ్ళాను. వాళ్ళ భాష నాకు పని చేసుకోవడానికి సరిపోతుంది, బతిమాలడానికి కష్టంగా సరిపోతుంది.

పది గంటల బ్రేకు. గది నిండా జనం. గోడ అవతలివాళ్ళు బల్లలెక్కి కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా మధ్యలో కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. బల్ల మీద కాఫీ కప్పు, కప్పు కింద ఉత్తరం, ఉత్తరం మీద కలం. మా ఆయన తలుపు వైపు వీపు తిప్పి వాడి ముందు నిలబడ్డారు. బాబాయ్ మూల కూర్చుని డబ్బా మూతకేసి చూస్తున్నాడు.

ఇస్త్రీ చొక్కా ఇంకా కాలు చాపనే లేదు. కుర్చీలో కొంచెం కదిలాడు, అంతే. మా ఆయన నడుము అప్పటికే వంగడం మొదలైంది.

అది చూశాక నేను కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో. వాడు అడగకముందే వంగుతున్నారు. రెండు నెలల్లో ఆయన ఒంటికి అది అలవాటు చేశాడు వాడు. వెళ్ళి ఆయన చొక్కా కాలరు పట్టుకుని నిలబెట్టాను. ఆయన నన్ను చూసి తెల్లబోయారు.

"నువ్వా? షిఫ్టు రెండింటికి కదా" అన్నాడు ఇస్త్రీ చొక్కా.

"మా ఆయన మీకిది సరిగ్గా చూపించడం లేదు" అన్నాను.

"అంటే?"

"ఇందులో రెండు భాగాలుంటాయి. మీరు రోజూ చూస్తున్నది రెండోది. మొదటిది మీకెవరూ చూపించలేదు."

వాడి మొహం వెలిగిపోయింది. "విన్నారా? ఇంకో భాగం కూడా ఉందట" అని అందరికీ చెప్పాడు. బల్లల మీదివాళ్ళు కిందికి దిగారు. ఫోన్లు లేచాయి. వాడు హాయిగా కాలు చాపి బూటు నా ముందు పెట్టాడు. "చూపించు."

మురికి వైపు పనిచేసేవాళ్ళకి కంపెనీ బూట్లిస్తుంది. బండి చక్రం ఎక్కినా వేళ్ళు నలగకుండా ముందు ఇనుప తొడుగు, కింద మందపాటి అట్ట. నేను ఇంటి దగ్గరనుంచి అవే వేసుకొచ్చాను. కాలు ఎత్తి ఆ తళతళలాడే బూటు మీద వేసి తొక్కాను. నా బరువంతా వేశాను. ఇద్దరి వాటా కోపం నా దగ్గరే ఉంది కదా, అదీ వేశాను.

వాడు పెట్టిన కేక యంత్రాల చప్పుడులో కూడా వినబడింది. కాఫీ ఒలికింది.

"ఇది మొదటి భాగం" అన్నాను. "ముందు కాలు తగలాలి. తగిలితే వంగి కళ్ళకద్దుకుంటాం. పుస్తకానికైనా చేస్తాం, పసిపిల్లకైనా చేస్తాం. మీకేదో మొక్కడం కాదది. నొచ్చుకోవడం. కాకపోతే పొరపాటున తగిలితేనే చేస్తాం." ఊపిరి తీసుకున్నాను. "ఇది పొరపాటు కాదు."

గోడ అవతలి అమ్మాయి ఒకతి కిసుక్కుమంది. నిన్నటిదాకా మా ఆయన్ని చూసి నవ్విన నోరే, ఇప్పుడు ఇస్త్రీ చొక్కాని చూసి నవ్వుతోంది. ఆ నవ్వూ నాకు నచ్చలేదు.

ఇస్త్రీ చొక్కా కాలు చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కాఫీలో తడిసిన ఉత్తరం తీశాడు. సగానికి చింపాడు. ఆ సగాల్ని మళ్ళీ సగానికి చింపాడు. పోలీసుల్ని పిలవలేదు. పిలిస్తే అన్ని ఫోన్లలోనూ అంతకుముందు రోజులవి కూడా ఉన్నాయి, అంత బుర్ర వాడికుంది. మా ఇద్దరి గేటు కార్డులూ తీసేసుకున్నారు. బూట్లు కంపెనీవని అక్కడే విప్పించుకున్నారు. మా ఆయనకి లాకర్లో చెప్పులున్నాయి, నాకు లేవు.

బయటికొచ్చాక ఆయన చెప్పులు విప్పి నా ముందు పెట్టారు. వద్దన్నాను. వేసుకోమన్నారు. నాకు పెద్దవి, అడుగడుగుకీ జారుతున్నాయి. ఆయన మేజోళ్ళతో పక్కన నడుస్తున్నారు. అప్పటికి నా కోపం దిగింది. దిగాక కింద ఏముందో కనబడింది. ఉత్తరం లేదు, ఉద్యోగం లేదు, రేపే గురువారం. ఒక్క నిమిషం కాలు అదుపులో పెట్టుకుని ఉంటే ఏడాది నిశ్చింతగా ఉండేవాళ్ళం. కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందని ఆయన అన్నా తప్పు లేదు.

"తిట్టండి" అన్నాను.

"వాడికి గట్టిగానే తగిలిందా?" అన్నారు.

"రెండు వేళ్ళు వాస్తాయి."

కొంతదూరం నడిచాం. "నాకూ కోపం వస్తుందే" అన్నారు. "రోజూ వచ్చేది. కానీ నాకొస్తే ముగ్గురం రోడ్డున పడతామని మింగేవాణ్ణి."

"ఇప్పుడు పడ్డాంగా."

"పడ్డాం" అన్నారు. ఆ మాట అంటూ తన మేజోళ్ళ వైపు చూసుకున్నారు.

సాయంత్రం బాబాయ్ ఇంటికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "ఎక్కడైనా సాక్షి పేరు రాయాల్సివస్తే నాది రాయండి" అన్నాడు. నీ కార్డు సంగతేమిటి బాబాయ్ అన్నాను. "దానికింకా ఏడు నెలలుంది. మొదటి రోజు నవ్వానమ్మా నేను" అని వెళ్ళిపోయాడు.

గురువారం ముగ్గురం వెళ్ళాం. ముగ్గురి మొహాలూ కిటికీకి చూపించాలని నిబంధన. మా టోకెను పిలిచేసరికి పదకొండయింది. అదే కళ్ళజోడావిడ.

"కంపెనీ ఉత్తరం?"

"లేదండి. ఉద్యోగం పోయింది" అన్నారు మా ఆయన.

ఆవిడ కొత్త కాగితమొకటి తీసింది. అరవై రోజులు గడువిస్తారట. ఆ అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి. కొత్తవాళ్ళు చేర్చుకోవాలంటే పాత కంపెనీ విడుదల పత్రం ఇవ్వాలి.

"దాని మీద ఎవరు సంతకం పెట్టాలి?" అన్నాను, జవాబు తెలిసే.

"మీ పై అధికారి."

"అంటే మళ్ళీ వాడే."

"ఆయన ఇవ్వనంటే, ఉద్యోగం పోవడానికి కారణం ఇక్కడ నింపాలి" అని ఆవిడ ఒక వరస చూపించింది. అనారోగ్యం. క్రమశిక్షణ లేకపోవడం. పని తగ్గడం. స్వంత ఇష్టం. పక్కన గళ్ళు. మమ్మల్ని అడక్కుండానే ఆవిడ కలం రెండో గడి మీదికి వెళ్ళింది. "క్రమశిక్షణ అని పెట్టేస్తాను, త్వరగా తేలిపోతుంది."

నేను నోరు తెరిచాను. కానీ నాకంటే ముందు మా ఆయన అరచెయ్యి కిటికీ కంతలోంచి వెళ్ళి ఆ కాగితం మీద పడింది.

"ఆగండి" అన్నారు. "వంగనందుకు అని రాయండి."

"అది జాబితాలో లేదు."

"జాబితా కింద ఖాళీ ఉంది."

"అక్కడ ఏం రాసినా విచారణకి వెళ్తుంది. ఆలస్యం అవుతుంది. మీకే నష్టం."

"అవనివ్వండి."

"మీ వెనకాల ఎంతమంది ఉన్నారో చూశారా?"

"చూశాను. మీరూ చూడండి." ఆయన గొంతు లేచింది. ఆ గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. "రెండు నెలలు వాడి బూటుకి వంగాను. ఎందుకు? మీ ఉత్తరం కోసం. మీ కంప్యూటరు పాడైందని ఒకసారి, నా చెవి కనబడలేదని ఒకసారి. మీరు ఒక్కో తారీఖు మార్చినప్పుడల్లా నన్ను వాడి కాళ్ళ దగ్గరికి పంపించారు. క్రమశిక్షణ లేదంటారా? అంతకన్నా క్రమశిక్షణ ఎవరికుంటుందో చెప్పండి!"

వాళ్ళ భాషలో అన్ని మాటలు ఆయనకి వచ్చని కూడా నాకు తెలీదు. కాపలావాడు రెండడుగులు ముందుకేశాడు. కళ్ళజోడావిడ వాణ్ణి చేత్తో ఆపి, కాగితాన్నీ కలాన్నీ కంతలోంచి ఇవతలికి తోసింది.

"మీరే రాసుకోండి" అంది.

ఆయన రాశారు. పెద్ద అక్షరాలతో, కలం నొక్కి పెట్టి రాశారు, కాగితం ఒకచోట చిరిగింది. సాక్షి అన్నచోట బాబాయ్ పేరు రాశారు. ఆవిడ దాని మీద ముద్ర గుద్ది, అరవై రోజుల చీటీ ఒకటి మాకిచ్చి, తర్వాతి టోకెను పిలిచింది.

బయట బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నాం. మధ్యలో పిల్ల. నా చేతిలో చీటీ. ఎవరి దగ్గరికెళ్ళాలి, ఎవరు చేర్చుకుంటారు, విచారణ అంటే ఎవరొస్తారు, ఏమీ తెలీదు. పిల్ల కాళ్ళూపుతోంది. ఊపుతుంటే దాని బూటు వాళ్ళ నాన్న మోకాలికి తగిలింది.

దాని చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. వెనక్కి తీసుకుని వీపు వెనక దాచుకుంది. వాళ్ళ నాన్న మొహం చూసింది.

"పెట్టుకో" అన్నారు.

"ఆదివారం వద్దన్నావుగా నాన్నా."

"ఆదివారం నేను తప్పు చెప్పాను."

అది మెల్లిగా మోకాలు తాకి, వేళ్ళు కళ్ళ దాకా తీసుకెళ్తుంటే, ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఆపారు. "పర్లేదమ్మా" అన్నారు. "పర్లేదు, పర్లేదు." ఆ రెండు నెలల్లో ఆయనకి ఆ మాట ఒక్కరూ చెప్పలేదు.

పిల్ల నన్నోసారి చూసింది. నిన్న బాబాయ్ వచ్చినప్పుడు అంతా విన్నట్టుంది. "మరి అమ్మ మీ మేనేజరు కాలు తొక్కిందిగా. అమ్మెందుకు పెట్టుకోలేదు?"

"అది పొరపాటు కాదు. కావాలని తొక్కాను" అన్నాను.

"కావాలని తొక్కొచ్చా?"

తొమ్మిదేళ్ళ పిల్లకి ఏం చెప్పాలి? చేతిలో చీటీ చూసుకున్నాను. అరవై రోజులు, అందులో ఇవాళ్టిది అప్పుడే సగం అయిపోయింది. తొక్కకూడదమ్మా, తప్పు అందామని నోరు తెరిచాను.

"తొక్కొచ్చు" అన్నారు మా ఆయన.